పొత్తికడుపు నొప్పి - అతిధ్వనుల సాక్ష్యము

కడప జిల్లాలోని గండికోటలో పెన్నానది ఎఱ్ఱని కొండలను చీల్చుకొని లోతైన లోయగుండ ప్రవహించుచున్నది. లోయ అంచున నిలిచి గట్టిగా కేకవేసినచో, ఎదుటి రాతిగోడకు తగిలి ఆ కేక తిరిగి వచ్చును. గాలిలో శబ్దవేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. కేకకును ప్రతిధ్వనికిని నడుమ ఒక సెకను గడచినయెడల, శబ్దము పోయి వచ్చిన దూరము 340 మీటర్లు. కావున రాతిగోడ 170 మీటర్ల దూరములో ఉన్నదని, కొలతాడు పట్టకుండగనే, ఉన్నత పాఠశాల విద్యార్థి చెప్పగలడు. ఈ చిన్న లెక్కయే నేడు ఆసుపత్రిలో రోగి మంచము ప్రక్కన నిలిచిన వైద్యునికి, కంటికి కనబడని కడుపులోని సంగతిని తెలుపుచున్నది. ఎందరో స్త్రీల ప్రాణములు ఆ సమాచారముపై ఆధారపడి ఉన్నవి.

ఒక ఉదాహరణము

ఆదోని వైపు పల్లె నుండి 25 ఏండ్ల స్త్రీని తెల్లవారుజామున కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చినారని ఊహింతము. ముందటి దినము వేరుశనగ చేనిలో కలుపు తీయుచుండగా ఆమెకు పొత్తికడుపులో కుడివైపున నొప్పి మొదలైనది. ‘ఉడుకు చేసిందిలే’ అని అత్త మజ్జిగ ఇచ్చినది. రాత్రికి నొప్పి హెచ్చినది. దొడ్డికి పోవుటకు లేచి, కళ్లు తిరిగి పడినది. ఆదోని నుండి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. ఆసుపత్రి చేరునప్పటికి ఆమె మాటలాడుచునే ఉన్నది. నాడి కొంచెము వేగముగా ఉన్నను రక్తపోటు బాగుగనే ఉన్నది.

“నెల తప్పినావా, అమ్మా?” అని వైద్యురాలు అడిగినది.

“లేదు మేడం, నాలుగు దినాల కిందట కొంచెం కనపడింది” అని ఆమె బదులు చెప్పినది.

పొత్తికడుపులో కుడివైపున పుట్టు నొప్పికి కారణములు పెక్కు. ప్రజలు ‘ఇరవైనాలుగు గంటల నొప్పి’ అని పిలుచు అపెండిసైటిస్ కావచ్చును. మూత్రనాళములో రాయి అడ్డుపడి ఉండవచ్చును. ఎండ మెండుగా ఉండి, చెమట విస్తారముగా పోయి, త్రాగు నీరు చాలని చోట మూత్రము చిక్కబడి రాళ్లు ఏర్పడుట కద్దు. అండాశయములోని నీటితిత్తి పగిలి ఉండవచ్చును. అండాశయము తన కాడచుట్టు మెలిపడి, రక్తప్రసారము ఆగి ఉండవచ్చును. అండవాహికలకు సూక్ష్మజీవుల వలన వాపు కలిగి ఉండవచ్చును. ఇవన్నియు గాక, అన్నిటికంటె త్వరగా ప్రాణము తీయునది ఇంకొకటి కలదు. అది తావు తప్పిన గర్భము. దీనిని వైద్యులు ‘ఎక్టోపిక్’ అనియు, ఆసుపత్రులలో సామాన్యముగా ‘ట్యూబులో గర్భము’ అనియు అందురు.

తావు తప్పిన గర్భము

స్త్రీ అండాశయము నుండి వెలువడిన అండము సన్నని అండవాహికలో ప్రవేశించి, అచట పురుషబీజముతో కలిసి పిండమగును. ఆ పిండము కొన్ని దినములలో వాహికగుండ జరిగి గర్భాశయమును చేరి, దాని మెత్తని గోడలో నాటుకొనవలెను. ఏ కారణముననైనను దారిలో ఆగిపోయినచో, వాహిక గోడలోనే నాటుకొని పెరుగుట ప్రారంభించును. ప్రతి 100 గర్భములలో ఒకటి రెండు ఇట్లు తావు తప్పును; వానిలో 90 శాతమునకు పైగా అండవాహికలోనే ఉండును. పూర్వము వాహికకు వ్యాధి సోకుట, శస్త్రచికిత్స జరుగుట, ఒకసారి ఇట్టి గర్భమే కలిగి ఉండుట దీనికి ముఖ్య కారణములు. సగమునకు దగ్గరగా స్త్రీలలో ఇట్టి పూర్వకారణమేదియు కనబడదు.

గర్భాశయము కండరములతో నిర్మితమై, బిడ్డతోపాటు పెరుగగలది. అండవాహిక అట్టిది కాదు. పిండము పెరిగిన కొలది అది సాగి, తుదకు చిట్లును. గర్భమునకు రక్తమునందించుటకై ఉబ్బియున్న నాళములు తెగి, రక్తము కడుపులోనికి కారును. బయటికి కనబడు రక్తము కొంచెమే. దానినే ఆ స్త్రీ ముట్టు అని పొరబడుట తరచు జరుగును. పైన చెప్పిన ఉదాహరణములో ‘నాలుగు దినాల కిందట కొంచెం కనపడింది’ అన్న మాట ఇట్టిదే కావచ్చును. అందువలననే, గర్భధారణ వయస్సులో ఉన్న స్త్రీ కడుపునొప్పితో వచ్చినప్పుడు, ఆమె ఏమి చెప్పినను మూత్రమును గర్భపరీక్ష చేయవలెనను నియమము ఏర్పడినది.

రక్తపోటు బాగుగ ఉండుట వైద్యుని మోసగింపగల లక్షణము. ప్రౌఢ స్త్రీ శరీరములో నాలుగైదు లీటర్ల రక్తముండును. ఆరోగ్యవతియైన యువతి అందులో ఒక లీటరు వరకు కోల్పోయినను, శరీరము చర్మమునందలి రక్తనాళములను ముడిచి, గుండె వేగమును పెంచి, రక్తపోటును నిలుపుకొనుటకు ప్రయత్నించును. ఆ ప్రయత్నము విఫలమైన క్షణమున రక్తపోటు ఒక్కసారిగా పడిపోవును. కావున రక్తపోటు పడువరకు వేచియుండుట అనగా ప్రమాదము ముదురువరకు వేచియుండుటయే. కడుపులో రక్తము పేరుకొని ఉదరవితానము క్రిందికి చేరినచో, కొందరికి భుజము పైభాగమున నొప్పి పుట్టును. ఉదరవితానపు నరము మెడ భాగములోని వెన్నుపాము నుండి వచ్చుచున్నది. భుజపు చర్మమునకు చెందిన నరములును అచటనే పుట్టుచున్నవి. అందువలన మెదడు నొప్పి తావును తప్పుగా గ్రహించును. కడుపులోని రక్తస్రావమును భుజము చెప్పుట విచిత్రమే యైనను సత్యము.

1883లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున లాసన్ టెయిట్ అను శస్త్రవైద్యుడు, చిట్లిన అండవాహికను కోసి తీసివేసి రోగిని బ్రతికించెను. అంతకుముందు ఈ వ్యాధి దాదాపుగా మరణమే. చికిత్స తెలిసిన తరువాత మిగిలిన సమస్య ఒక్కటి: దీనిని సకాలములో ఎట్లు గుర్తించుట?

వినబడని శబ్దము

మానవుని చెవి సెకనుకు 20 నుండి 20,000 వరకు కంపనములు గల శబ్దములను వినగలదు. అంతకు మించిన కంపనములు గల శబ్దములను అతిధ్వనులందురు. గబ్బిలము ఇట్టి శబ్దములను చేసి, వాని ప్రతిధ్వనులను విని, చీకటిలో పురుగులను పట్టుకొనును. వైద్యులు కడుపును పరీక్షించుటకు వాడు అతిధ్వనులకు సెకనుకు సుమారు 20 లక్షల నుండి 50 లక్షల కంపనము లుండును.

ఇంతటి వేగముతో కంపించు వస్తువు ఎట్లు లభించెను? 1880లో ఫ్రాన్సు దేశస్థులైన జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ సోదరులు, స్ఫటికము వంటి కొన్ని పదార్థములను నొక్కినచో వానియందు విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. తరువాత, విద్యుత్తు నిచ్చినచో అవి కంపించుననియు తెలిసెను. మొదటి ప్రపంచ యుద్ధకాలములో పాల్ లాంజవిన్ ఈ గుణము నుపయోగించి, సముద్రములోని జలాంతర్గాములను ప్రతిధ్వనులచే కనిపెట్టు సాధనమును నిర్మించెను. ఆసుపత్రిలో వైద్యుడు చేత పట్టుకొను ‘ప్రోబు’ ఈ సూత్రముననే పనిచేయును. ఒక క్షణము అది శబ్దము చేయును. మరుక్షణము ప్రతిధ్వనిని విని విద్యుత్తుగా మార్చును.

మెత్తని దేహభాగములలో శబ్దవేగము సెకనుకు సగటున 1540 మీటర్లు. 10 సెంటీమీటర్ల లోతున ఉన్న అవయవము నుండి ప్రతిధ్వని వచ్చుటకు శబ్దము మొత్తము 20 సెంటీమీటర్లు ప్రయాణము చేయవలెను. దానికి పట్టు కాలము సెకనులో పదివేలవ వంతుకంటె కొంచెమెక్కువ. గండికోటలో చేసిన లెక్కయే ఇది. కాలము మాత్రము మిక్కిలి స్వల్పము. యంత్రము సెకనుకు కొన్నివేల మారులు ఈ లెక్క చేసి, ఎంత లోతునుండి ఎంత బలమైన ప్రతిధ్వని వచ్చినదో చుక్కలుగా తెరపై చూపును. ఆ చుక్కల సముదాయమే బొమ్మ.

ప్రతిధ్వని ఎచట పుట్టును? రెండు భిన్న పదార్థములు కలియు సరిహద్దున పుట్టును. వాని సాంద్రతలోను, శబ్దవేగములోను భేదము ఎంత హెచ్చైన ప్రతిధ్వని అంత బలమైనదగును. చర్మమునకును ప్రోబునకును నడుమ గాలి ఉన్నచో శబ్దము దాదాపు పూర్తిగా అచటనే వెనుకకు మరలును. అందుచే చర్మముపై జెల్ పూయుదురు. ఎముక, మూత్రపిండపు రాయి శబ్దమును అడ్డుకొనును. వాని వెనుక నీడ పడును. నీరు, మూత్రము, తాజా రక్తము వంటి ద్రవములలో సరిహద్దు లుండవు గనుక ప్రతిధ్వనియు ఉండదు. తెరపై అవి నల్లగా కనబడును. మూత్రాశయము నిండుగా ఉన్నచో, అది గాలితో నిండిన ప్రేగులను ప్రక్కకు నెట్టి, వెనుకనున్న గర్భాశయమును చూచుటకు కిటికీ వలె ఉపయోగపడును. స్కానింగుకు ముందు నీళ్లు త్రాగుమని చెప్పుటకు కారణమిదే.

ఈ విద్యను స్త్రీ వైద్యములోనికి తెచ్చిన ప్రముఖుడు స్కాట్లండులోని గ్లాస్గో నగరపు ఆచార్యుడు ఇయన్ డొనాల్డ్. ఆయన 1955లో, లోహములలోని పగుళ్లను అతిధ్వనులచే పరీక్షించు ఒక బాయిలర్ల కర్మాగారమునకు, శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను తీసికొనిపోయి, ఆ యంత్రముతో పరీక్షించెను. నీటితిత్తి ఒక విధముగను, గట్టి గడ్డ మరియొక విధముగను ప్రతిధ్వనించినవి. అటుపిమ్మట జాన్ మెక్‌వికార్ అను వైద్యునితోను, టామ్ బ్రౌన్ అను ఇంజనీరుతోను కలిసి, 1958లో ‘లాన్సెట్’ పత్రికలో తన ఫలితములను ప్రకటించెను. నయముకాని పొట్ట క్యాన్సరని ఆశ వదలుకొన్న ఒక స్త్రీకి, అది కేవలము పెద్ద నీటితిత్తి యని ఆయన యంత్రము చూపెను. శస్త్రచికిత్సతో ఆమె బ్రతికెను.

మంచము ప్రక్కన

అప్పటి యంత్రములు గది నిండ ఉండెడివి. రోగిని యంత్రము వద్దకు కొనిపోవలసి వచ్చెడిది. నేడు యంత్రము చిన్న పెట్టె అంతటిదై, చక్రముల బండిపై రోగి వద్దకే వచ్చుచున్నది. ఇందువలన యంత్రముతోపాటు దానిని వాడు పద్ధతియు మారినది.

స్కానింగు విభాగములోని నిపుణుడు ప్రతి అవయవమును సమగ్రముగా పరిశీలించి నివేదిక వ్రాయును. అత్యవసర వైద్యుడు చేయు పని అది కాదు. అతడు రెండు మూడు ప్రశ్నలను మాత్రమే అడుగును. ఆ ప్రశ్నలకు సమాధానము ‘అవును’ లేక ‘కాదు’ అని ఉండవలెను. గర్భపరీక్ష అవునని తేలిన స్త్రీ విషయములో ఆ ప్రశ్న లివి: గర్భాశయములో గర్భము కనబడుచున్నదా? కడుపులో ఉండరాని ద్రవమున్నదా?

మొదటి ప్రశ్నకు అవునని సమాధానము వచ్చినచో పెద్ద భయము తొలగును. గర్భము సరియైన తావునందున్నది గనుక, తావు తప్పినది మరియొకటి కూడ ఉండుట, సహజముగా కలిగిన గర్భములలో వేలకొలదిలో ఒకటి మాత్రమే. అయితే నల్లని తిత్తి కనబడినంత మాత్రమున సరిపోదు. గర్భాశయము వెలుపల గర్భమున్నపుడు కూడ, లోపల ద్రవము చేరి తిత్తివలె భ్రమ గొలుపవచ్చును. ఆ తిత్తిలో చిన్న ఉంగరము వంటి సొనసంచి గాని, పిండము గాని కనబడవలెను.

రెండవ ప్రశ్నకై వైద్యుడు రెండు చోట్ల చూచును. మొదటిది గర్భాశయము వెనుకనున్న పల్లము. జేమ్స్ డగ్లస్ పేర ప్రసిద్ధమైనది. నిలుచున్నప్పుడు కడుపులోని ద్రవము మొదట ఇచటికే చేరును. రెండవది కాలేయమునకును కుడి మూత్రపిండమునకును నడుమనున్న సందు; మోరిసన్ అను శస్త్రవైద్యుని పేర పిలువబడుచున్నది. గర్భపరీక్ష అవునని తేలి, గర్భాశయము ఖాళీగా ఉండి, ఈ సందులో నల్లని చార కనబడినచో, రక్తము కటిభాగమును నింపి పైవరకు వచ్చినదని అర్థము. అట్టి రోగులలో అత్యధికులకు శస్త్రచికిత్స తప్పదు. ఈ పరీక్షకు కొన్ని నిమిషములే పట్టును. వైద్యుడు ఇంక స్కానింగు గదికి పంపి నివేదికకై వేచియుండక, స్త్రీ వైద్య నిపుణులను, మత్తు వైద్యుని, రక్తనిధిని ఏకకాలమున పిలువవచ్చును.

లెక్క ఏమి చెప్పుచున్నది?

అత్యవసర వైద్యులు స్వయముగా చేసిన స్కానింగు నమ్మదగినదా అను సందేహము సహజము. 2010లో అమెరికా పరిశోధకులు 10 అధ్యయనములను జతచేసి పరిశీలించిరి. వానిలో మొత్తము 2057 మంది స్త్రీలుండగా, 152 మందికి గర్భము తావు తప్పినది. అట్టివారిలో 99 శాతమునకు పైగా, గర్భాశయములో గర్భము కనబడలేదని అత్యవసర వైద్యుని పరీక్ష హెచ్చరించినది.

ఈ అంకెను సరిగా అర్థము చేసికొనవలెను. ‘గర్భాశయములో గర్భమున్నది’ అను సమాధానము ధైర్యమిచ్చును. కాని ‘కనబడలేదు’ అను సమాధానము వ్యాధిని నిరూపింపదు. గర్భము 6 వారములు నిండనిదైనచో, కడుపుపై నుండి చేసిన పరీక్షలో సరియైన గర్భము కూడ కనబడకపోవచ్చును. గర్భస్రావమై ఉండవచ్చును. ఒక లెక్క చూతము. తొలినెలలలో నొప్పితో వచ్చిన 100 మందిలో 8 మందికి గర్భము తావు తప్పినదనియు, 60 మందికి గర్భాశయములో గర్భము స్పష్టముగా కనబడినదనియు అనుకొందము. ఆ 60 మందిని వేరుచేయగా మిగిలిన 40 మందిలోనే ఆ 8 మందియు ఉందురు. పరీక్షకు ముందు వందకు 8గా నున్న అనుమానము, పరీక్ష తరువాత అయిదింట ఒకటి అయినది. ఇది రోగనిర్ణయము కాదు. ఎవరిని ఇంటికి పంపరాదో తెలుపు హెచ్చరిక. అట్టివారికి యోని మార్గమున చేయు వివరమైన స్కానింగును, 48 గంటల అంతరముతో గర్భ హార్మోనుకై రక్తపరీక్షలను చేయుదురు.

ఇతర కారణముల విషయములో మంచము ప్రక్కన పరీక్షకు శక్తి తక్కువ. మూత్రపిండము ఉబ్బియున్నచో రాయి అడ్డుపడినదని ఊహింపవచ్చును. వాచిన అపెండిక్సు కనబడినచో నమ్మవచ్చును. కనబడకపోయినచో లేదని చెప్పరాదు. అండాశయము మెలిపడుట మరింత చిక్కైనది. రక్తప్రవాహమును రంగులలో చూపు డాప్లర్ పద్ధతి కలదు. 1842లో క్రిస్టియన్ డాప్లర్ కనుగొన్న సూత్రమే దానికి ఆధారము. అయినను రక్తము పారుచున్నట్లు కనబడినంత మాత్రమున మెలిపడలేదని నిశ్చయింపరాదు. నొప్పి హఠాత్తుగా వచ్చి, వాంతులతో కూడి, అండాశయము పెద్దదిగా ఉన్నచో శస్త్రవైద్యుని పిలువవలసినదే. యంత్రము వైద్యుని బుద్ధికి తోడే గాని దానికి బదులు కాదు.

చట్టము, చికిత్స

మన దేశములో స్కానింగు యంత్రమునకు ఒక చట్టము కాపలాగా ఉన్నది. ఆడపిల్లను గర్భములోనే గుర్తించి తొలగించు దురాచారమును ఆపుటకై 1994లో చేయబడిన ఈ చట్టము 1996 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి, 2003లో మరింత కట్టుదిట్టమైనది. యంత్రమును నమోదు చేయించవలెను; గర్భవతికి చేసిన ప్రతి పరీక్షకు నిర్ణీత పత్రము పూరింపవలెను; శిశువు లింగమును తెలుపుట నేరము. చేతితో మోయదగిన యంత్రమైనను ఇష్టము వచ్చిన చోటికి కొనిపోరాదు. అత్యవసర గదిలోని యంత్రమునకును ఇవి వర్తించును. ఒక పరికరమే ఒక స్త్రీ ప్రాణము నిలుపుటకును, మరియొక స్త్రీని పుట్టకుండ చేయుటకును వాడబడగలదు గనుక, ఈ జాగ్రత్త అవసరమే. ఆసుపత్రి ముందుగానే యంత్రమును, శిక్షణ పొందిన వైద్యుని సిద్ధపరచుకొన్నచో, చట్టమునకును తొందరకును వైరుధ్యముండదు.

గర్భము తావు తప్పినను, వాహిక చిట్లకముందే కనుగొన్నచో కోత లేకుండ మందుతోనే నయము చేయుట కొందరి విషయములో సాధ్యము. ఆ మందు మెథోట్రెక్సేట్. ఇది త్వరగా విభజన చెందు కణములకు కావలసిన ఫోలిక్ ఆమ్లపు పనిని అడ్డగించి, పిండకణముల పెరుగుదలను ఆపును. ఈ జాతి మందులు 1940 దశకములో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలలో, భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున తయారైనవి. క్యాన్సరుకై పుట్టిన ఈ మందు 1982 నుండి తావు తప్పిన గర్భమునకును వాడబడుచున్నది. సుబ్బారావుగారు 1948లోనే మరణించిరి. తమ మందు ఇట్టి తల్లులకు ఉపయోగపడుట వారు చూడలేదు.

దూరమే పెద్ద వ్యాధి

కర్నూలు వైద్య కళాశాల 1956లో ఏర్పడినది. కడపలో ప్రభుత్వ వైద్య కళాశాల 2006లో ప్రారంభమైనది. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనది. అత్యవసర వైద్యమును ప్రత్యేక శాఖగా దేశములో 2009లో గుర్తించిరి. ఇవన్నియు ఉన్నను, నల్లమల అంచు పల్లెల నుండియు, పడమటి మెట్ట గ్రామముల నుండియు పెద్ద ఆసుపత్రికి గంటల ప్రయాణమున్నది. లోపల రక్తము కారుచున్న స్త్రీకి ఆ గంటలే మిగిలిన ఆయువు. దగ్గరనున్న చిన్న ఆసుపత్రిలోనే ఆ నల్లని చారను గుర్తించినచో, పెద్ద ఆసుపత్రికి ముందుగా కబురంపి, ఆమె చేరునప్పటికి రక్తమును, శస్త్రచికిత్స గదిని సిద్ధముగా ఉంచవచ్చును.

యంత్రము చేరకముందు పని చేయవలసినది కుటుంబము. ముట్టు ఆలస్యమైనను, మామూలుకంటె తక్కువగా కనబడినను, పొత్తికడుపున ఒకవైపు నొప్పి వచ్చినచో అది ఉడుకు అనియు, వాయువు అనియు కాలయాపన చేయరాదు. కళ్లు తిరిగి పడుట, ముఖము పాలిపోవుట, భుజమున నొప్పి - వీనిలో ఏ ఒక్కటి తోడైనను వెంటనే బయలుదేరవలెను. ముట్టును గూర్చి మాటలాడుట సిగ్గు అను భావము వలన వైద్యునికి అందవలసిన మొదటి ఆధారము అందకపోవుచున్నది. ఉపాధ్యాయులు శరీరశాస్త్ర పాఠములో అండవాహిక బొమ్మ గీసినపుడు, పిండము దారిలో ఆగినచో ఏమగునో ఇంకొక నిమిషము చెప్పిన చాలును. ఆ తరగతిలోని బాలిక రేపు తన అక్కకో, వదినెకో నొప్పి వచ్చిననాడు ఆ మాట జ్ఞాపకము తెచ్చుకొనగలదు.